ఇల్లు చిన్నదే... వాన చిన్నది కాదు!

పెరటి రైలు పక్కన నమూనా కట్టడాలు
ఎండకు, తడికి నిలిచేలా కట్టడం ఎలా?
కనుమరుగైన మీటరుగేజి స్టేషన్లకు సరిగ్గా సరిపోయే కొలత

ఇంట్లో బల్లపై గిరగిరా తిరిగే బొమ్మ రైలు అందరికీ తెలిసిందే. అదే రైలును పెరట్లోకి తీసుకువచ్చి మొక్కల మధ్య, రాళ్ల గుట్టల మీదుగా నడిపించడం ఐరోపా, అమెరికాల్లో వందేళ్లకు పైబడిన వ్యాపకం. అక్కడివారు ‘గార్డెన్ రైల్వే’గా పిలిచే ఈ పెరటి రైలుకు ఇంజినుతో సమానంగా అందం తెచ్చేవి దారి పొడవునా వెలిసే కట్టడాలు. మోకాలి ఎత్తు కూడా లేని స్టేషను, సిగ్నల్ క్యాబిను, నీళ్ల ట్యాంకు, గేటుమన్ గది, వంతెన... చూసేవారికి అదొక బొమ్మల కొలువు. కట్టేవారికి మాత్రం అచ్చంగా ఇంటి నిర్మాణమే. కట్టడం కొలతలు ఎంత తగ్గించినా దాని మీద పడే ఎండ, వాన, గాలి తగ్గకపోవడమే ఇందుకు కారణం.

ఒక చిన్న లెక్క చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. అసలు భవనాన్ని 22.5 రెట్లు తగ్గించి నమూనా కట్టారనుకుందాం. దాని పెంకులపై 4 మిల్లీమీటర్ల వాన చినుకు పడితే, నిజమైన ఇంటి మీద 9 సెంటీమీటర్ల నీటి ముద్ద పడినట్లే. అంటే బత్తాయి పండంత చినుకు! జానెడు మామిడాకు రాలితే సగం ప్లాట్‌ఫారం కనిపించదు. తోటలో తిరిగే తొండ ఆ ఊరికి మొసలంత. గదిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరని అట్ట, పలుచని చెక్క, తెల్ల జిగురు ఆరుబయట ఒక్క వానాకాలం దాటకపోవడానికి ఇదే కారణం.

1929 నుంచి నిలిచిన ఊరు

ఆరుబయట నమూనా కట్టడాలు తరాల పాటు నిలుస్తాయా అన్న ప్రశ్నకు ఇంగ్లండులోని బెకన్స్‌కాట్ సమాధానం చెబుతుంది. బెకన్స్‌ఫీల్డ్ పట్టణంలో రోలాండ్ కాలింగ్‌హామ్ అనే అకౌంటెంటు తన తోటలో ఏర్పాటు చేసిన ఈ బుల్లి ఊరు 1929లో ప్రారంభమైంది. ఆనాటి ప్రసిద్ధ నమూనా తయారీ సంస్థ బాసెట్-లోక్ దానికి రైలు మార్గాన్ని సమకూర్చింది. అక్కడి భవనాలు ప్రధానంగా 1:12 నిష్పత్తిలో ఉంటాయి. పట్టాల మధ్య దూరం మాత్రం 45 మి.మీ. లెక్క ప్రకారం ఈ రెండూ పొసగవు. అయినా తోటలో నడిచే సందర్శకుడికి ఆ తేడా ఎబ్బెట్టుగా తోచదు.

కాలంతో పాటు బెకన్స్‌కాట్‌లో కొత్త తరహా భవనాలు వచ్చి చేరాయి. 1990ల ఆరంభంలో నిర్వాహకులు ఒక నిర్ణయానికి వచ్చారు. ఊరంతటినీ తిరిగి 1930ల నాటి రూపానికి మార్చారు. బయటి ప్రపంచంలో చెరిగిపోయిన ఆనాటి పల్లె దుకాణం, వీధి, స్టేషను అక్కడ మిగిలాయి. ఈ ఊరి స్ఫూర్తితోనే నెదర్లాండ్స్‌లోని ద హేగ్ నగరంలో 1952లో ‘మదురోడామ్’ వెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల నిర్బంధ శిబిరంలో 1945లో మరణించిన జార్జ్ మదురో స్మారకంగా, 1:25 నిష్పత్తిలో దాన్ని నిర్మించారు.

పట్టా ఒకటే... కొలతలు అనేకం

పెరటి రైళ్లలో నేడు అత్యధికంగా వాడుకలో ఉన్నది 45 మి.మీ. పట్టా. జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన లేమాన్ సంస్థ 1968లో ‘ఎల్‌జీబీ’ పేరుతో ఆరుబయట నడిచే రైళ్లను విడుదల చేశాక దీనికి ప్రాచుర్యం పెరిగింది. ఇదే పట్టాపై నడిచే రైళ్లు 1:32, 1:29, 1:24, 1:22.5, 1:20.3 వంటి వేర్వేరు నిష్పత్తుల్లో లభిస్తాయి. కొత్తగా చేపట్టినవారు తొలి అడుగులోనే తడబడేది ఇక్కడే. 1:32 రైలు పక్కన 1:20.3 స్టేషను పెడితే ప్రయాణికుడి తల బోగీ కప్పును తాకినట్లుంటుంది.

అందువల్ల ఏ గేజి రైలును చూపదలచారో ముందుగా తేల్చుకోవాలి. లెక్క తేలికే. అసలు రైలు పట్టాల మధ్య దూరాన్ని 45తో భాగిస్తే నిష్పత్తి వస్తుంది. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. కనుక 45 మి.మీ. పట్టాపై దాని నిష్పత్తి సుమారు 1:37. నారోగేజి 762 మి.మీ. కనుక సుమారు 1:17. మీటరుగేజి 1,000 మి.మీ. దాన్ని 45తో భాగిస్తే 22.2. ఎల్‌జీబీ రైళ్ల ప్రధాన కొలత 1:22.5కు ఇది దాదాపు సమానం. స్విట్జర్లాండు, జర్మనీ కొండల్లోని మీటరుగేజి రైళ్లను దృష్టిలో పెట్టుకుని ఆ సంస్థ ఎంచుకున్న కొలత అది.

తెలుగు నేలకు ఈ లెక్కతో దగ్గరి సంబంధం ఉంది. గుంటూరు-గుంతకల్లు, సికింద్రాబాద్-ద్రోణాచలం మార్గాలు ఒకప్పుడు మీటరుగేజివే. దేశవ్యాప్తంగా 1992లో మొదలైన ఏకగేజి పథకంలో ఇవి బ్రాడ్‌గేజిగా మారాయి. పాకాల-ధర్మవరం మార్గం ఆ తర్వాత మారింది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి, గుణుపూర్ వెళ్లే నారోగేజి రైలు 2004లో ఆగింది. గేజి మారినచోట పాత స్టేషన్లు చాలావరకు రూపు మారాయి, లేదా నేలమట్టమయ్యాయి. నల్లమల అడవిలో నంద్యాల-గిద్దలూరు మధ్య 1880ల్లో కట్టిన దొరబావి వంతెన, మార్గం మారడంతో రైలుకు దూరమైంది. ఇలాంటి కట్టడాలను అసలు కొలతలతో కళ్ల ముందు నిలపడానికి 45 మి.మీ. పట్టా అమరినట్లు వేరొకటి అమరదు.

కొలతలు తీసేదెలా?

భవనం ఇంకా నిలిచి ఉంటే పని సులువు. ప్రయాణికులకు అనుమతి ఉన్న ప్రదేశం నుంచి నాలుగు వైపులా ఛాయాచిత్రాలు తీసుకోవాలి. గోడ పక్కన మీటరు కర్రను నిలబెట్టి తీస్తే ఆ చిత్రం నుంచే మిగతా కొలతలన్నీ లెక్కించవచ్చు. చిత్రం ఎదురుగా, గోడకు సమాంతరంగా ఉండాలి. పక్క నుంచి తీస్తే కొలత తప్పుతుంది. అనుమతి లేకుండా పట్టాలపైకి, రైల్వే స్థలంలోకి వెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం నేరం. ప్రాణానికీ ముప్పే. లోపలి కొలతలు కావాలంటే అధికారుల అనుమతి తీసుకోవాలి.

భవనం పోయి పాత ఫొటో ఒక్కటే మిగిలితే ఇటుకలే కొలబద్ద. పాత రోజుల్లో తొమ్మిదంగుళాల ఇటుక వాడుక ఎక్కువ. గోడ పూత లేకుండా ఉంటే వరసలు లెక్కపెట్టి ఎత్తును, ఇటుకలు లెక్కపెట్టి పొడవును రాబట్టవచ్చు. పూత ఉంటే తలుపును ఆధారం చేసుకోవాలి. 1:22.5 నిష్పత్తిలో ఏడడుగుల తలుపు సుమారు 9.5 సెం.మీ. వస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక ఒక సెంటీమీటరు. అయిదడుగుల ఏడంగుళాల మనిషి ఏడున్నర సెంటీమీటర్లు. ఈ మూడు కొలతలు అట్టపై గీసి దగ్గర పెట్టుకుంటే కట్టే ప్రతి వస్తువునూ సరిచూసుకోవచ్చు.

తగ్గించాల్సింది పొడవునే

అసలు స్టేషనును పూర్తి కొలతలతో కడితే పెరడు చాలదు. వంద మీటర్ల ప్లాట్‌ఫారం నమూనాలోనూ దాదాపు నాలుగున్నర మీటర్లు వస్తుంది. అందుకే పొడవును కుదించడం ఈ రంగంలో ఆమోదం పొందిన పద్ధతి. ఏడు కమానులున్న వరండాకు మూడో, అయిదో కమానులు పెడతారు. బేసి సంఖ్య ఉంచితే ద్వారం మధ్యలోనే నిలుస్తుంది. అయితే తలుపు ఎత్తు, కిటికీ ఎత్తు, ప్లాట్‌ఫారం ఎత్తు మాత్రం కుదించకూడదు. మనిషి కొలతతో ముడిపడిన వీటిలో తేడా వస్తే కన్ను వెంటనే పట్టేస్తుంది.

ఏది వదిలినా స్టేషను గుర్తును వదలకూడదు. పసుపు పలకపై నల్లని అక్షరాలతో ఊరి పేరు, కింద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో తెలిపే అంకె, వేలాడదీసిన పట్టా ముక్క గంట, ఆవిరి ఇంజిన్లకు నీళ్లు పట్టే గొట్టం, ఎర్ర బకెట్లు... ఇవి ఉంటే చిన్న గది కూడా స్టేషనే. పెద్ద వంతెనల విషయంలోనూ ఇదే సూత్రం. దొరబావి వంటి వంతెన మొత్తాన్ని పెరట్లో పట్టించడం సాధ్యం కాదు. ఒక ఉక్కు స్తంభం, ఇరుపక్కలా రెండు గిర్డర్లు నిలిపినా దాని పోలిక వస్తుంది.

దేనితో కట్టాలి?

సిమెంటు: ఎండకు, తడికి, చెదకు దేనికీ లొంగనిది ఇదే. జల్లించిన సన్న ఇసుక మూడు పాళ్లు, సిమెంటు ఒక పాలు కలిపి, చదునైన బల్లపై ప్లాస్టిక్ కాగితం పరిచి గోడలను పలకలుగా పోస్తారు. మధ్యలో సన్నని ఇనుప జాలీ ఉంచితే పగుళ్లు రావు. తలుపులు, కిటికీల చోట ముందే చెక్క ముక్కలు పెట్టాలి. పలక సగం బిగిశాక మేకు మొనతో ఇటుక వరసలు, రాతి అతుకులు గీస్తారు. ఆపై వారం పది రోజులు తడి ఆరకుండా ఉంచాలి. తొందరపడి ఎండలో పెడితే పలక విల్లులా వంగుతుంది. 50 సెం.మీ. పొడవు, 25 సెం.మీ. ఎత్తు, ఒకటిన్నర సెం.మీ. మందంతో పోసిన గోడ నాలుగు కిలోల వరకు తూగుతుంది. గాలికి ఎగిరిపోదు గానీ ఎత్తి దాచడం కష్టం.

పీవీసీ ఫోమ్ షీటు: తేలిక, కత్తికి లొంగుతుంది, నీరు పీల్చదు. గోడలకు, లోపలి చట్రానికి అనువైనది. రంగు వేయకుండా వదిలితే ఎండకు పెళుసెక్కుతుంది.

చెక్క: వంతెనలకు, తలుపులకు టేకు మేలు. అమెరికాలో దేవదారు జాతి చెక్కను ఎక్కువగా వాడతారు. చెక్క ఏదైనా మట్టిని తాకకూడదు. తాకితే చెద ఖాయం. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి మెత్తనిది, తేలికైనది. బొమ్మకు వన్నె తెచ్చే ఆ గుణమే ఆరుబయట లోపమవుతుంది.

కొమ్మలు, బెరడు, గింజలు: న్యూయార్కు బొటానికల్ గార్డెన్‌లో 1992 నుంచి శీతకాలంలో జరిగే రైలు ప్రదర్శనలో నగరంలోని ప్రసిద్ధ భవనాలను బెరడు, పుల్లలు, ఆకులు, గింజలతోనే తీర్చిదిద్దుతారు. పాల్ బస్సీ ఈ శైలికి ఆద్యుడు. ఆ కట్టడాలకు ఉద్యానవనంలోని అద్దాల మేడ రక్షణగా ఉంటుంది. కొద్ది వారాల ప్రదర్శనకు అవి అపురూపం. ఏడాది పొడవునా వానలో ఉంచేందుకు కాదు.

అసలు శత్రువు ఎండ

శీతల దేశాల పుస్తకాలు మంచు గురించి ఎక్కువగా హెచ్చరిస్తాయి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో ముదురు రంగు పైకప్పు వేడి 60 డిగ్రీలను మించుతుంది. నేడు 3డి ప్రింటర్లపై అందరూ తేలిగ్గా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ ఇంచుమించు ఆ వేడికే మెత్తబడుతుంది. గదిలో ముచ్చటగా ఉన్న కిటికీ చట్రం మే నెలలో వాలిపోతుంది. వేడికి, ఎండకు తట్టుకునే ఏఎస్ఏ రకం ఇందుకు తగినది.

వేడికి వస్తువులన్నీ ఒకేలా సాగవు. 30 డిగ్రీల తేడాకు మీటరు పొడవైన అక్రిలిక్ షీటు సుమారు 2 మి.మీ. సాగుతుంది. అంతే పొడవున్న సిమెంటు పలక సాగేది 0.3 మి.మీ. మాత్రమే. ఈ రెంటినీ అంచుల వెంబడి గట్టిగా అతికిస్తే ఏదో ఒకటి పగలక తప్పదు. కిటికీ అద్దాలను గాడిలో వదులుగా నిలపడం, పొడవాటి కప్పును ముక్కలుగా చేసి మధ్య సన్నని సందు వదలడం దీనికి విరుగుడు. జిగురు విషయంలో రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ, ఆరుబయట వాడే సిలికాన్ నమ్మదగినవి. వడ్రంగులు వాడే సాధారణ తెల్ల జిగురు తడికి వీడిపోతుంది. రంగుల్లో ఇంటి బయటి గోడలకు వేసే మెరుపు లేని ఎమల్షనే మేలు. అసలు ఇళ్లపై ఏళ్ల తరబడి ఎండకు నిలిచే రంగు బుల్లి ఇంటిపైనా నిలుస్తుంది.

పునాది, పైకప్పు పదిలం

నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది. దానిపై నేరుగా పెట్టిన కట్టడం ఒక్క ఏడాదిలోనే పక్కకు ఒరుగుతుంది. జానెడు లోతు తవ్వి కంకర నింపి, పైన నాపరాయి లేదా కడప బండ పరిస్తే గట్టి పునాది సిద్ధమవుతుంది. బండను నీటి మట్టంతో సరిచూసి, చుట్టూ ఉన్న నేల కన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తులో ఉంచాలి. ఆ బండ అంచు కనబడకుండా సన్న కంకర చల్లితే స్టేషను ఆవరణలా ఉంటుంది.

కట్టడం అడుగు మూయకుండా వదిలేయాలి. మూస్తే లోపల చేరిన తడి బయటకు పోయే దారి ఉండదు. పైకప్పును విడిగా తీసేలా అమర్చాలి. చూరు గోడ దాటి ముందుకు రావాలి. చూరు అడుగున అంచు వెంబడి సన్నని గాడి చేస్తే నీరు గోడపైకి పాకకుండా అక్కడే రాలిపోతుంది. పెద్ద భవనాల్లో తాపీ మేస్త్రీలు చేసే పనే ఇక్కడా చేయాలి. బంగాళా పెంకులు 1:22.5 నిష్పత్తిలో రెండు సెంటీమీటర్ల లోపే ఉంటాయి. ఒక్కొక్కటిగా అతికిస్తే సందుల్లో నాచు పడుతుంది. రబ్బరు అచ్చులో ఒకే పలకగా పోసుకోవడం ఉత్తమం.

రాత్రి వేళ దీపాలు కావాలంటే 12 వోల్టుల ఎల్ఈడీలే వాడాలి. ట్రాన్స్‌ఫార్మరు తడి తగలని చోట ఉండాలి. లీకేజీ ఉంటే సరఫరా నిలిపివేసే ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి. 230 వోల్టుల తీగను తోటలోకి తీసుకురాకూడదు.

మొక్కల ఎంపికా కట్టడంలో భాగమే. పెద్ద ఆకుల మొక్క పక్కన ఎంత చక్కని స్టేషనైనా బొమ్మలాగే కనిపిస్తుంది. సన్న ఆకులు ఉండి, కత్తిరింపుకు లొంగే మొక్కలు చెట్లుగా అమరుతాయి. వేర్లు పునాదిని కదపకుండా వాటిని కుండీతో సహా నేలలో దించవచ్చు.

కట్టడం పూర్తయ్యాక కొలతల చిత్తు, ఫొటోలు, వాడిన నిష్పత్తి ఒక పుస్తకంలో భద్రపరచడం ఎంతో అవసరం. పెరట్లోని నమూనా ఎంత గట్టిదైనా ఏదో ఒకనాడు మార్చాల్సి వస్తుంది. కాగితంపై కొలతలుంటే మళ్లీ కట్టవచ్చు. నేలమట్టమైన స్టేషనుకు ఆ పుస్తకమే మిగిలిన పటం కావచ్చు. ఊళ్లో పాత స్టేషను ఇంకా నిలిచి ఉంటే ఛాయాచిత్రాలు, కొలతలు తీసుకోవాల్సిన సమయం ఇదే.

ఏటా చేయాల్సిన పనులు

* ఫిబ్రవరి, మార్చి: రంగు వెలిసిన చోట మళ్లీ పూత వేయాలి. ప్లాస్టిక్ భాగాలు పెళుసెక్కాయేమో చూడాలి. వీలైతే వేసవిలో మధ్యాహ్నపు నీడ పడే చోటికి మార్చాలి.

* తొలకరికి ముందు: పునాది చుట్టూ నీరు పారే దారి శుభ్రం చేయాలి. అతుకుల్లో సిలికాన్ నింపాలి. చెక్క భాగాలకు వార్నిషు వేయాలి.

* వానాకాలం: రాలిన ఆకులు వారానికోసారి ఏరివేయాలి. నాచును మెత్తని బ్రష్షుతో తుడవాలి.

* అక్టోబరు నుంచి డిసెంబరు: కోస్తాలో తుపాను హెచ్చరిక వస్తే తేలికైన కట్టడాలన్నీ ఇంట్లోకి చేర్చాలి. బరువైన వాటి పైకప్పులు తీసి దాచాలి.

* ఎప్పుడైనా: కట్టడాన్ని ఎత్తేముందు కర్రతో కదిపి చూడాలి. చల్లని చీకటి అడుగున తేళ్లు, పాములు చేరే వీలుంది. చేతికి తొడుగు లేకుండా ఎత్తకూడదు. పిల్లలతో ఎత్తించకూడదు.